కారు అద్దం బటన్‌తో గరాజ్ తలుపు తెరవాలంటే ఎలా సెట్ చేయాలి?

అమెరికాలో చాలా కార్లకు లోపలి అద్దం కిందో, సన్‌వైజర్ మీదో మూడు బటన్లు ఉంటాయి. గరాజ్ తలుపు తెరిచే ఆ ఏర్పాటు పేరే హోమ్‌లింక్. మనవాళ్లు దాన్ని ముట్టుకోకుండా గరాజ్ రిమోట్‌నే వైజర్‌కు తగిలించుకుని తిరుగుతారు. కారు కిటికీ అద్దం పగలగొట్టినవాడికి ఆ రిమోట్ దొరికితే ఇంటి తాళం చేతికిచ్చినట్టే. రిమోట్ ఇంట్లో సొరుగులో ఉండాలి.

పనిచేసే రిమోట్, అందులో కొత్త బ్యాటరీ, నిచ్చెన, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. కారు గరాజ్ బయటే ఆపండి. తలుపు దారిలో పిల్లలు, సైకిళ్లు ఉండకూడదు.

సెకండ్ హ్యాండ్ కారైతే ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ఉన్న రెండు బటన్లూ కలిపి, లైటు తీరు మారేదాకా 10 నుంచి 20 సెకన్లు నొక్కి పట్టండి. పాత ఓనర్ కోడ్‌లు పోతాయి. తర్వాత రిమోట్‌ను కారు బటన్‌కు రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి, రిమోట్ బటన్, కారు బటన్ రెండూ ఒకేసారి నొక్కి పట్టండి. నెమ్మదిగా మెరిసే లైటు గబగబా మెరిస్తే వదిలేయండి. గరాజ్‌కు ఎడమ బటనే వాడాలి, డ్రైవర్ చేతికి దగ్గరగా ఉండేది అదే.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, తలుపు తెరుచుకోవడం లేదని మెకానిక్‌ను పిలుస్తారు. ఇప్పటి గరాజ్ తలుపు మోటార్లలో కోడ్ నొక్కిన ప్రతిసారీ మారుతుంది. అందుకే ఈ కారు మనదేనని మోటార్‌కూ చెప్పాలి.

సీలింగ్‌కున్న మోటార్ మీద, యాంటెన్నా వైరు వేలాడే చోట, 'లెర్న్' బటన్ ఉంటుంది. దాన్ని ఒక్కసారి నొక్కి వెంటనే వదలండి. పట్టుకుని ఉండకండి! చాలా మోటార్లలో ఆరు సెకన్లు పట్టుకుంటే ఇంట్లోని రిమోట్లు, కీప్యాడ్ అన్నీ చెరిగిపోతాయి, అందరివీ మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి.

వదిలాక మీకుండేది సుమారు 30 సెకన్లే. ఒక్కరే నిచ్చెన దిగి పరుగెత్తడం మంచిది కాదు, పడతారు. ఒకరు నిచ్చెన మీద, ఒకరు డ్రైవర్ సీట్లో ఉండాలి. పైనుంచి 'ఊఁ' అనగానే సీట్లో ఉన్నవాళ్లు కారు బటన్‌ను రెండు సెకన్లు నొక్కి వదలాలి. మళ్లీ అలాగే. కొన్నిటికి మూడోసారీ కావాలి. రెండోసారికే తలుపు కదిలితే ఆపేయండి.

లెర్న్ బటన్ పసుపు రంగులో ఉంటే అది చాలావరకు 2011 నుంచి వచ్చిన రకం. పాత కార్లలో కొన్నిటికి ఆ రకం సిగ్నల్ పంపడం రాదు, మధ్యలో రిపీటర్ (కారు సిగ్నల్‌ను అందుకుని మోటార్‌కు అర్థమయ్యేలా పంపే చిన్న పెట్టె) పెట్టుకోవాలి. అందుకే నిచ్చెన తీసినరోజే ముందు ఆ రంగు చూడండి.

కారు అమ్మేటప్పుడు, లీజు తిరిగి ఇచ్చేటప్పుడు ఈ చివర, ఆ చివర ఉన్న బటన్లు రెండూ పట్టుకుని కోడ్‌లు చెరిపేశాకే తాళాలివ్వండి.