ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి, వచ్చిన అంకెను ఎలా చదవాలి

మా అమ్మకు ఎన్నో ఏళ్లుగా దమ్ము, అంటే ఆస్తమా ఉంది. హనుమకొండలో తొలిసారి ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచే ఫీనో పరీక్షకు తీసుకెళ్లిన రోజు ఆమె పాలకూర పప్పుతో అన్నం తిని బయలుదేరింది. అక్కడ ముందు ఊపిరితిత్తులు ఎంత గాలిని ఎంత జోరుగా వదలగలవో చూసే స్పైరోమెట్రీ ఊదించి, ఆ వెంటనే ఫీనో చేశారు. పాలకూర తినడం ఫీనో అంకెను పెంచే పని, ముందే స్పైరోమెట్రీ ఊదడం తగ్గించే పని. ఆ రెండూ కలిసిన అంకెను పట్టుకుని మేము వారం రోజులు కంగారుపడ్డాం. అలాంటి ఇబ్బంది మరొకరికి రాకూడదని ఇది రాస్తున్నాను.

ఊపిరిలో ఈ వాయువు ఎందుకు ఉంటుందో తెలిస్తే జాగ్రత్తలన్నీ సులువుగా అర్థమవుతాయి. పరుపులోని దుమ్ముపురుగులో, వయ్యారిభామ పుప్పొడో అలర్జీ ఉన్నవారి శ్వాసనాళాల్లోకి చేరినప్పుడు రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేత ప్రొటీన్లను విడుదల చేస్తాయి. వాటి ప్రేరణతో నాళాల లోపొరలోని కణాలు ఒక ఎంజైమును ఎక్కువగా తయారుచేస్తాయి. అది ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టిస్తుంది. రక్తనాళాలను సడలించే సంకేతంగా 1998లో నోబెల్ బహుమతికి కారణమైన వాయువు ఇదే. ఆస్తమా రోగులు వదిలే గాలిలో ఇది ఎక్కువగా ఉంటుందని 1993లో స్వీడన్ పరిశోధకులు చూపారు. అంటే ఈ పరీక్ష కొలిచేది నాళాలు ఎంత ఇరుకయ్యాయన్నది కాదు, వాటి గోడల్లో అలర్జీ తరహా వాపు ఎంత ఉందన్నది.

పరీక్షకు ముందు కనీసం గంటసేపు ఏమీ తినకండి, చాయ తాగకండి. పాలకూర, తోటకూర, బీట్‌రూట్ వంటి నైట్రేట్ ఎక్కువగా ఉన్నవాటిని ఆ పూట పూర్తిగా మానుకోవడం మంచిదని నా అభిప్రాయం. బీడీ, సిగరెట్ అంకెను తగ్గించి చూపుతాయి కాబట్టి, తాగే అలవాటుంటే దాచకుండా చెప్పాలి. జలుబు పట్టి ఉంటే అంకె పెరగవచ్చు, అలర్జీతో ముక్కు కారుతున్నా పెరగవచ్చు; అవీ చెప్పాలి. స్పైరోమెట్రీ కూడా ఉంటే ఫీనోనే ముందు చేయమని అడగండి. రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను మాత్రం పరీక్ష కోసమని సొంతంగా ఆపకండి.

ఊదడంలో బలం అవసరం లేదు, నిలకడ కావాలి. లోపలి గాలి వదిలేసి, గొట్టాన్ని పెదవులతో గట్టిగా మూసి, నోటితోనే గుండె నిండా గాలి పీల్చుకుని, తెర మీది గుర్తు దాటిపోకుండా సుమారు 10 సెకన్లు ఒకే తీరుగా వదలాలి. సెకనుకు 50 మిల్లీలీటర్లే ఆ వేగం. అంతకంటే జోరుగా ఊదితే వాయువు పలచబడి అంకె తగ్గిపోతుంది. రెండోసారి వెళ్లినప్పుడు అక్కడి అమ్మాయి మా అమ్మతో, "పెద్దమ్మా, బుగ్గలు ఉబ్బియ్యకు, వేడి చాయను ఆరబెట్టినట్టు మెల్లగ ఊదు" అన్నది. ఆ ఒక్క మాటతో అమ్మకు పద్ధతి పట్టుబడింది.

అంకెను పీపీబీలలో ఇస్తారు. అంటే వంద కోట్ల భాగాల గాలిలో ఎన్ని భాగాలు ఈ వాయువు అని. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారిలో 25 కంటే తక్కువైతే అలర్జీ తరహా వాపు ఉండే అవకాశం తక్కువ, 50 దాటితే ఎక్కువ. పిల్లలకు ఆ హద్దులు 20, 35. నడుమ వచ్చిన అంకెను లక్షణాలతో కలిపి వైద్యుడే తేల్చాలి. ఈ ఒక్క అంకెతో ఆస్తమా ఉందనీ లేదనీ నిర్ణయించకూడదు.

అంకె తక్కువగా ఉండి దగ్గు ఆగకపోతే, ఆ దగ్గును తేలికగా తీసుకోకండి. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య పనిచేసేవారికి ఆ ఘాటు నేరుగా నాళాలను మండించి దగ్గు తెప్పిస్తుంది. అందులో అలర్జీ పాత్ర లేకపోతే నైట్రిక్ ఆక్సైడ్ పెరగకపోవచ్చు. పొయ్యి పొగ, కడుపులో ఆమ్లం పైకి రావడం, గుండె జబ్బు కూడా దగ్గుకో ఆయాసానికో కారణాలే. అప్పుడు స్టెరాయిడ్ మోతాదు పెంచడానికి ముందు కారణాన్ని వెతకమని వైద్యుణ్ని అడగడం మీ హక్కు.

ఎక్కువగా ఉంటే, మొదట చూడవలసింది మందు నాళాల్లోకి చేరుతోందా అన్నది. సాల్బుటమాల్ కండరాలను వదులుచేసి వెంటనే హాయినిస్తుంది గాని వాపును తగ్గించదు, తగ్గించేది స్టెరాయిడ్. మా అమ్మ రెండోసారి 62 వచ్చినప్పుడు, ఆమెను ఇన్‌హేలర్ వాడి చూపమన్నారు. ఆమె నొక్కింది, కానీ పీల్చడం ఆలస్యమై తెల్లని తుంపర పెదవుల పక్కనుంచి బయటికి పోయింది. ఇన్‌హేలర్‌కు తగిలించి తుంపరను పట్టి ఉంచే స్పేసర్ గొట్టం ఇచ్చి నేర్పించాక, రెండు నెలలకు అదే వేళకు చేయిస్తే 31 వచ్చింది. 50 పైన ఉన్న అంకె కనీసం 20 శాతం, అంతకంటే తక్కువదైతే 10 పీపీబీ తగ్గితేనే అసలైన మార్పుగా లెక్కిస్తారు. అందుకే మేమిప్పుడు ప్రతిసారీ తేదీ, వేళ, ఆ పూట తిన్నది, చివరిసారి స్టెరాయిడ్ పీల్చిన రోజు, అంకె, ఈ అయిదూ ఒకే పుస్తకంలో రాసి వైద్యుడి ముందు పెడుతున్నాం.