బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) ప్రవేశ పరీక్షకు సొంతంగా – 3వ పాఠం: మెమరీ డ్రాయింగ్‌లో కంటి గీత

పోయిన పాఠంలో ఇంట్లోవాళ్లను చూస్తూ చకచకా చిన్న స్కెచ్‌లు వేయమన్నాను. ఆ పుస్తకం పక్కన పెట్టుకోండి. అందులో విడివిడిగా ఉన్న మనుషులను ఈసారి ఒకే నేల మీద నిలబెడదాం.

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టే ఎంట్రన్స్‌లో మెమరీ డ్రాయింగ్ ముఖ్యమైన భాగం. పెయింటింగ్, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్ (ప్రకటనలు, పోస్టర్ల లాంటి వాటికి బొమ్మలు వేయడం) – వీటిలో దేనికి వెళ్లాలనుకున్నా ఇది బాగా రావాలి. రైతుబజారు, బస్టాప్, బోరింగు దగ్గర ఆడవాళ్లు... ఇలాంటి సందర్భం ఒకటి ఇచ్చి గీయమంటారు. ఎదురుగా మోడల్ ఉండడు, ఫొటో ఉండదు. టెన్షన్‌లో చాలామంది మనుషులను గ్రూప్ ఫొటోలో లాగా వరుసగా నిలబెట్టేస్తారు. వెనకవాళ్లను చిన్నగా వేస్తారు కానీ వాళ్లు గాల్లో తేలుతున్నట్టు ఉంటారు.

దీనికి మందు కంటి గీత. కాగితం మీద అడ్డంగా, పలచగా ఒక గీత గీయండి. అది మీ కంటి ఎత్తు. మీరు నిలబడి చూస్తున్నారనుకుంటే, చదునైన నేల మీద మీ అంత ఎత్తున్న మనిషి దగ్గరున్నా దూరాన ఉన్నా, అతని కళ్లు ఆ గీత మీదే ఉంటాయి. మారేది పాదాలు. మనిషి దూరం వెళ్లేకొద్దీ అవి కాగితం మీద పైకి జరిగి గీతకు దగ్గరవుతాయి. నమ్మకం కుదరకపోతే ఒక సాయంత్రం మెహదీపట్నం రైతుబజారులోనో, మీ ఊరి సంతలోనో నిలబడి చూడండి. పొడుగువాళ్లను, పొట్టివాళ్లను పక్కన పెడితే తలలన్నీ దాదాపు ఒకే వరుసలో కనిపిస్తాయి.

ఇప్పుడు అదే బజారును బెంచీ మీద కూర్చుని చూస్తున్నట్టు వేయండి. ఈసారి గీత నిలబడినవాళ్ల ఛాతీ దగ్గర తాకుతుంది. దగ్గరివాళ్లకూ అక్కడే, దూరపువాళ్లకూ అక్కడే. వాళ్ల తలలు గీతకు పైన ఉంటాయి. దగ్గరివాళ్ల తల బాగా పైకి, దూరపువాళ్ల తల కొద్దిగా పైకి. ఇలా కూర్చుని చూసే కోణాన్నే ఎంచుకోమని నా సలహా. ముందున్నవాళ్లు పెద్దగా లేచి కనబడతారు, బొమ్మకు బలం వస్తుంది.

కొన్ని కొలతలు గుర్తుంటే చాలు. ఆ మనిషి తల నిలువు పొడవునే కొలబద్దగా తీసుకుంటాం. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలు, నాలుగేళ్ల పిల్లలది దాదాపు ఐదు తలలు. ఆ వయసు పాప తల పక్కనున్న అమ్మ నడుం దాకా వస్తుంది. నేల మీద బాసింపట్టు వేసుకున్న మనిషి ఎత్తు, నిలబడినప్పటి ఎత్తులో సగం కన్నా కొంచెమే ఎక్కువ. కూరగాయలు అమ్మే ఆమెను వేసేటప్పుడు ఈ లెక్క తప్పితే, ఆమె గుంటలో కూర్చున్నట్టో స్టూలెక్కినట్టో కనిపిస్తుంది.

కొలతలు కుదిరాక బరువు చూపించాలి. కుడిచేత్తో నిండు బకెట్ మోస్తున్న మనిషి నడుం పైభాగం ఎడమకు వంగుతుంది, ఎడమ చేయి ఒంటికి దూరంగా జరుగుతుంది. చంకన పిల్ల ఉంటే తుంటి అటువైపు బయటికి వస్తుంది. ఇవి కోచింగ్‌లో బట్టీ పట్టించే రెడీమేడ్ సన్నివేశాల్లో ఉండవు. ఒకే బస్టాప్ బొమ్మను యాభైసార్లు వేయించి పంపే పద్ధతి నాకు అసలు నచ్చదు. ప్రశ్న కొంచెం మారితే పిల్లల చేయి ఆగిపోతుంది.

జ్ఞాపకం అంటే ముందు చూడటమే. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం హైదరాబాద్‌లో చిత్రకళ చదువుకున్నారు. ఆయనకు పేరు తెచ్చినవి పెద్ద బొట్టు, ముదురు రంగుల చీరలతో కనిపించే తెలంగాణ పల్లె ఆడవాళ్ల బొమ్మలు. చిన్నప్పుడు ఊళ్లో చూసిన మనుషులే వాటికి ఆధారం. మీ ఊరి మనుషులు మీకూ తెలుసు. వాళ్ల కొంగు ఎలా దోపుకుంటారో, సంచీ ఏ చేత్తో పట్టుకుంటారో గమనించండి.

పెద్ద కాగితం ముట్టుకునే ముందు అగ్గిపెట్టె అంత గళ్లు మూడు గీసి, ఒక్కొక్క దానిలో ఒక్కో అమరిక వేసి చూడండి. కంటి గీత ఎక్కడ, ముందు ఎవరు, ఎవరి వెనక ఎవరు సగం దాక్కున్నారు, ఇంతవరకే. ముఖాలు వద్దు. మూడింటిలో ఒకటి తీసుకుని పెద్దది చేయండి. ఈ పదినిమిషాలు వృథా అనిపిస్తుంది కానీ, తర్వాత రబ్బరుతో చెరిపే సమయం మిగులుతుంది.

ఈ వారం పని: రోజూ ఒకచోట పావుగంట ఏమీ గీయకుండా నిలబడి చూడండి. ఇంటికొచ్చాక, ఫోన్ తీయకుండా, అదే చోటును రెండుసార్లు వేయండి. ఒకటి నిలబడి చూసినట్టు, ఒకటి కూర్చుని చూసినట్టు. కనీసం ఐదుగురు మనుషులు, అందులో ఒకరు నేల మీద కూర్చుని, ఒకరు బరువు మోస్తూ ఉండాలి. మర్నాడు అక్కడికే బొమ్మ పట్టుకెళ్లి పోల్చుకుని, తప్పులను ఎర్ర పెన్సిల్‌తో దిద్దండి. దిద్దిన బొమ్మలు పారేయకండి, నాలుగో పాఠంలో పోస్టర్ కలర్స్ వేసేది వాటి మీదే.