ఎమ్మెల్యే ఎన్నికపై కోర్టుకెళ్లాలంటే
తిరుపతిలోనో చిత్తూరులోనో ఎమ్మెల్యే ఎన్నిక సక్రమంగా జరగలేదని ఆధారాలుంటే జిల్లా కోర్టు చుట్టూ తిరగకండి, నేరుగా అమరావతిలోని హైకోర్టుకే వెళ్లాలి. అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గం ఓటరు కూడా పిటిషన్ వేయొచ్చు. గెలుపు ప్రకటించిన రోజు నుంచి 45 రోజులే గడువు, ఒక్కరోజు దాటినా ఆలస్యాన్ని మన్నించరు, అందుకే లాయర్ కోసం వెతుకుతూ నెల పోగొట్టుకోకండి. 2,000 రూపాయల డిపాజిట్ పిటిషన్‌తో పాటే కట్టాలి.

చాలా జాగ్రత్తగా చూసుకోవాల్సింది కాపీలు. ప్రతివాదులు ఎంతమందో అన్ని కాపీలు, ప్రతిదాని మీదా ‘నిజమైన నకలు’ అని రాసి మీరే సంతకం పెట్టాలి. మిమ్మల్ని గెలిచినట్టు ప్రకటించమని కూడా అడిగితే, బరిలో నిలిచిన మిగతా అభ్యర్థులందరినీ ప్రతివాదులుగా చేర్చాల్సిందే, లేకపోతే విచారణ లేకుండానే కొట్టేస్తారు. డబ్బు పంచారంటే ఎవరు, ఎక్కడ, ఏ రోజు పంచారో రాసి ఫారం 25 అఫిడవిట్ (ఆరోపణలపై ప్రమాణపత్రం) జతచేయండి.