ఇన్‌స్టాగ్రామ్‌లో చీర పోస్టు: మొదటి ఫొటో నుంచి ధర దాకా

కొట్లో చీర కొనేవాళ్ళు ముందు గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూస్తారు. తిరగేస్తారు, కొంగు విప్పమంటారు, చివరికి గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళి వెలుతుర్లో రంగు చూసుకుంటారు. ఫోన్‌లో ఇవేవీ కుదరవు. ఇంటి నుంచి చీరలు అమ్మడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ పోస్టే కొనేవాళ్ళ తరఫున ఆ పనులన్నీ చేసిపెట్టాలి. పోచంపల్లి ఇక్కత్ కాటన్ చీరతో ఎలాగో చూద్దాం.

తగాదాలు ఎక్కువగా వచ్చేది రంగు దగ్గరే. ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య ఎండ నేరుగా పడని కిటికీ పక్కన చీర పరవండి. గదిలో బల్బు ఆర్పేయండి; పగటి వెలుతురూ బల్బు వెలుతురూ కలిస్తే ఒకే చీర ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుప్పచ్చగా పడుతుంది. లెన్సు తుడవండి. ఎరుపు, రాణి రంగుల్ని ఫోన్లు మండించి చూపిస్తాయి, నేత కనపడకుండా ముద్దయిపోతుంది. తెర మీద చీరని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త కిందికి లాగితే రంగు నిలబడుతుంది. తీశాక ఫోన్‌ని చీర పక్కనే పెట్టి పోల్చండి. తేడా ఉంటే ఫిల్టర్ వేయకండి, మళ్ళీ తీయండి. అప్పటికీ వంకాయ రంగు నీలంగానే వస్తుంటే ఆ మాట క్యాప్షన్‌లో రాసేయండి. చీర వెనక్కి రావడం కంటే అదే నయం.

సన్న గళ్ళ చీరల మీద ఒక్కోసారి లేని అలలు కనిపిస్తాయి. గళ్ళకీ కెమెరా సెన్సర్‌లోని గడులకీ పొసగక వచ్చే తేడా అది. ఒక అడుగు వెనక్కి జరిగినా, ఫోన్ కాస్త వాల్చినా పోతుంది.

పోస్టు నిలువుగా ఉండాలి: 1080×1350 పిక్సెళ్ళు. ఒకే పోస్టులో 20 ఫొటోల దాకా పెట్టొచ్చు గానీ ఆరు చాలు. మొదటిది కొంగు పూర్తిగా విప్పినది, రెండోది అంచు దగ్గరగా, వేలు ఆనించి. వేలు ఉంటే అంచు వెడల్పు ఎంతో చెప్పక్కర్లేదు. మూడోది చీర వెనకవైపు. ఇక్కత్‌లో ముందు నూలుకి ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాతే నేస్తారు. అందుకే డిజైను రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. మామూలు ప్రింటు చీర వెనక వెలిసినట్టుంటుంది. ఒక మూల మడిచి ముందూ వెనకా ఒకే ఫొటోలో చూపిస్తే ‘ఇది ప్రింటా?’ అని అడగాల్సిన పని ఉండదు. కొత్తవాళ్ళు తరచూ వదిలేసేది ఈ ఫొటోనే. మిగతా మూడూ జాకెట్టు గుడ్డ, కట్టుకున్నప్పుడు కుచ్చిళ్ళు, వెలుతురుకి ఎదురుగా పట్టుకున్న గుడ్డ. పలచదనం ఆ చివరి ఫొటోలోనే తెలుస్తుంది.

క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా రాయొచ్చు, కానీ నొక్కకుండా కనిపించేది ఒకటి రెండు వరుసలే. ‘సరికొత్త అందమైన కలెక్షన్ వచ్చేసింది ఫ్రెండ్స్’ అంటే ఆ రెండు వరుసలూ దండగ. ఇలా రాయండి:

‘నెమలికంఠం రంగు, కనకాంబరం అంచు. పోచంపల్లి ఇక్కత్ కాటన్, రూ. 2,800, కొరియర్‌తో కలిపి. పొడవు 5.5 మీటర్లు, జాకెట్టు గుడ్డ 80 సెం.మీ. మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్ళలో.’

ధర దాచి ‘డీఎం చేయండి’ (విడిగా మెసేజ్ పెట్టండి) అనడం చాలామందికి అలవాటు. అడగడానికి మొహమాటపడేవాళ్ళు అక్కడే జారిపోతారు, అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికీ అదే జవాబు టైపు చేస్తూ కూర్చోవాలి. హ్యాష్‌ట్యాగులు మూడు నుంచి ఐదు, చీరకి సంబంధించినవే.

రీల్ అయితే 15 సెకన్లు చాలు. మడత విప్పుతున్న చేతులతోనే మొదలుపెట్టండి, పేరూ లోగో ముందు వద్దు. రాతని తెర అడుగున, కుడి పక్కన పెట్టకండి; క్యాప్షన్, బటన్లు దాన్ని కప్పేస్తాయి. బిజినెస్ ఖాతాలకి చాలా సినిమా పాటలు దొరకవు కాబట్టి మీ గొంతుతోనే రంగు, ధర చెప్పండి.

వారానికి మూడు పోస్టులు చాలు. ఒక్క సాయంత్రమే ఇరవై చీరలు గుమ్మరిస్తే దేన్నీ ఎవరూ సరిగ్గా చూడరు. ప్రొఫెషనల్ ఖాతా పెట్టుకుంటే ఇన్‌సైట్స్, అంటే పోస్టుని ఎంతమంది చూశారు, ఏం చేశారు అనే లెక్కలు, కనిపిస్తాయి. అందులో లైకుల కంటే సేవ్‌లు, షేర్‌లు చూడండి. చీరని దాచుకున్నవాళ్ళు, అక్కకో వదినకో పంపినవాళ్ళు కొనే ఆలోచనలో ఉన్నట్టే. కామెంట్లలో ఒకే ప్రశ్న రెండుసార్లు వచ్చిందంటే దాని జవాబు తర్వాతి పోస్టులో ఫొటోగా చేరాలి. అమ్ముడైన చీర పోస్టు తీసేయకండి. ‘అమ్ముడైంది, ఇదే డిజైను గంధం రంగులో ఉంది’ అని కామెంట్ పెట్టి పైన పిన్ చేయండి.