ఇంటి పన్ను లెక్క మనమే వేసుకుందాం – 3వ పాఠం: టేపు పట్టి ఇల్లు కొలవడం

మొదటి పాఠంలో ఇంటి పన్ను ఎవరు వేస్తారో చూశాం. రెండో పాఠంలో అసెస్‌మెంటు నంబరు (పన్ను లెక్కకు మన ఇంటికి ఇచ్చిన నంబరు) పట్టుకుని మన బాకీ ఎంతో తీసి చూశాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఇవాళ దాని మీదున్న మొత్తం ఎట్లా పుట్టిందో చూద్దాం. దీనికి ఒక టేపు, ఒక సుద్దముక్క, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి.

మన తెలంగాణలో, నల్లగొండ జిల్లాలో హాలియా, చిట్యాల, చండూరు, నందికొండ 2018లో మున్సిపాలిటీలయ్యాయి. ఆ తర్వాత నకిరేకల్, ఇటు పాలమూరులో జడ్చర్ల అయ్యాయి. పంచాయతీ కాలంలో సర్పంచి ఇంటికి పోయి మాట్లాడుకుంటే తేలే విషయం ఇప్పుడు కంప్యూటర్లో ఉన్న కొలతల మీద నడుస్తోంది. భువన్ (ఇస్రో వాళ్ల మ్యాపు) సర్వే పేరుతో మున్సిపల్ సిబ్బంది ఫోన్లు పట్టుకుని వచ్చి ఇంటి ఫొటో తీసుకుని, కొలతలు ఎక్కించుకుని పోయారు. అందులో మన ఇంటి గురించి ఏం రాశారో చాలామంది ఈ రోజుకీ చూడలేదు. పన్ను ఎక్కువ వచ్చిందని బిల్ కలెక్టరుతో తగువు పడతారు గానీ, ఎన్ని చదరపు మీటర్లకు వేశారని అడగరు. ముందు అడగాల్సింది అదే.

పన్నుకు మూలం ఇంటి ధర కాదు, ఇంటి అద్దె విలువ. మీరు అద్దెకు ఇచ్చినా ఇవ్వకున్నా, ఆ ప్రాంతంలో అట్లాంటి ఇంటికి చదరపు మీటరుకు నెలకు ఎంత అద్దె వస్తుందో మున్సిపాలిటీ ఒక రేటు పెట్టుకుంటుంది. స్లాబు ఇంటికి ఒక రేటు, రేకుల ఇంటికి ఒకటి, పెంకుటింటికి ఒకటి. దుకాణానికైతే ఇంకా ఎక్కువ. ఆ రేటును ఇంటి వైశాల్యంతో, 12 నెలలతో గుణిస్తే ఏడాది అద్దె విలువ వస్తుంది.

ఇప్పుడు కొలుద్దాం. పన్నుకు లెక్కపెట్టే వైశాల్యాన్ని ప్లింత్ ఏరియా అంటారు. అంటే గోడల మందంతో కలిపి, బయటి అంచు నుంచి బయటి అంచు వరకు. లోపల బండల మీద కొలిస్తే తక్కువ వస్తుంది, ఆ లెక్క ఆఫీసులో నిలవదు. పొడవు ఒకసారి, వెడల్పు ఒకసారి కొలిచి సుద్దతో గోడ మీదే రాయండి. ఇల్లు ఎల్ ఆకారంలో ఉంటే రెండు ముక్కలుగా విడదీసి కొలిచి కలపండి. పైన అర్ర వేసి ఉంటే దాని కొలత వేరే. మనం అడుగుల్లో కొలుస్తాం, స్థలం గజాల్లో చెప్పుకుంటాం, నోటీసు చదరపు మీటర్లలో వస్తుంది. పొరపాట్లు ఎక్కువగా ఈ మూడింటి మధ్యే జరుగుతాయి. ఒక చదరపు గజం 9 చదరపు అడుగులు. ఒక చదరపు మీటరు 10.76 చదరపు అడుగులు. ఇవి గోడ మీద రాసి పెట్టుకోదగ్గ అంకెలు.

లెక్క చేతికి రావడానికి ఒక ఇల్లు అనుకుందాం. 30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 900 చదరపు అడుగులు. 10.76తో భాగిస్తే 83.6 చదరపు మీటర్లు. నెల రేటు చదరపు మీటరుకు 10 రూపాయలు అనుకోండి (నేర్చుకోవడానికి వేసుకున్న అంకె ఇది, మీ వీధి రేటు మీ మున్సిపాలిటీలోనే అడగాలి). 83.6ను 10తో, 12తో గుణిస్తే 10,032. ఇది అద్దె విలువ.

ఇందులోంచి తగ్గింపులు పోతాయి. ఇంటి వయసు 25 ఏళ్లలోపైతే 10 శాతం, 25 నుంచి 40 మధ్యలో 20, 40 దాటితే 30. ఇంటివాళ్లే ఉంటున్న నివాసమైతే 40 శాతం. ఈ 40లోనే వయసు తగ్గింపు కలిసి ఉంటుంది, రెండూ విడివిడిగా అడగకూడదు. మనమే ఉంటే 10,032 కాస్తా 6,019 అవుతుంది. కొత్త ఇల్లు అద్దెకిస్తే 9,029. పన్ను శాతం 20 అనుకుని, దాని మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కలిపితే, సొంతంగా ఉంటే ఏడాదికి 1,300 రూపాయలు, అద్దెకిస్తే 1,950. అదే ఇల్లు, అవే గోడలు. ‘సొంత నివాసం’ అన్న ఒక్క మాట రాశారా లేదా అన్నదానికి 650 రూపాయల తేడా. అందుకే నోటీసులో మొత్తం చూడకముందే వైశాల్యం, కట్టడం రకం, వాడకం, ఎవరు ఉంటున్నారు అన్న నాలుగు గడులు చదవండి.

వాడకం గడి గురించి మా మేనత్త ఇంట్లో జరిగింది చెప్పాలి. ఊరు పేరు వద్దు. మామయ్య ఉన్నన్నాళ్లు వీధి వైపు అర్రలో కిరాణా నడిపారు. ఆయన పోయాక దుకాణం ఎత్తేశారు గానీ షట్టరు అట్లాగే ఉంది. సర్వే చేసినాయన వీధిలోంచి ఫొటో తీసి, ఆ అర్రను వాణిజ్యం కింద రాసుకుని పోయాడు. వెనక గొడ్లు కట్టేసే రేకుల కొట్టాన్ని కూడా స్లాబులో కలిపేశాడు. నోటీసు చూసి అత్తమ్మ నాకు ఫోన్ చేసింది. “బిడ్డా, నాలుగేండ్ల సంది దుకాణమే లేదు. ఆ షట్టరెనక నేను పండుకుంట. దుకాణమని రాసిండ్రు” అంది. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినబడింది.

పోయి ఇద్దరం కొలిచాం. టేపు రెండో కొస అత్తమ్మే పట్టుకుంది. ముందు అర్ర 10 అడుగులకు 12. షట్టరు పైకెత్తి లోపల మంచం, బియ్యం డబ్బా, గోడకు మామయ్య ఫొటో కనబడేట్టు ఒక ఫొటో, వీధిలోంచి ఒకటి, కొట్టం రేకులు కనబడేట్టు ఇంకొకటి తీశాను. కరెంటు బిల్లు చూస్తే కేటగిరీ 1, అంటే గృహ వినియోగం. ఇది గట్టి సాక్ష్యం. మీ మూసేసిన మడిగెకు ఇంకా కేటగిరీ 2 మీటరే ఉంటే ముందు దాన్ని మార్పించుకోండి, లేకపోతే మీ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది. కమిషనర్ పేరున ఒక పేజీ అర్జీ రాశాం. అసెస్‌మెంటు నంబరు, నోటీసులో ఉన్న కొలత, మా కొలత, ఏ గడి మార్చాలి, అంతే. తిట్లు, గోడు ఏమీ లేవు. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాం. మళ్లీ ఒకాయన వచ్చి కొలుచుకుని పోయారు. రెండు గడులూ మారాయి.

మీ కొలత నోటీసులో ఉన్నదాని కంటే ఎక్కువ వస్తే? అది కూడా చెప్పాల్సిందే. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ఇంటి వివరాలు మనమే ప్రకటించే పద్ధతి తెచ్చింది, తప్పుడు ప్రకటనకు 25 రెట్ల జరిమానా పెట్టింది. ఆ చట్టంలోనే పేదలకు ఒక మేలుంది: 75 గజాల లోపు స్థలంలో, పైన ఒక అంతస్తు మించని ఇంటికి ఏడాది పన్ను 100 రూపాయలే. మన పాత వాడల్లో అట్లాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. మీ పక్కింట్లో ముసలివాళ్లుంటే వాళ్ల నోటీసు కూడా ఒకసారి చూడండి.

కట్టే తేదీల మాట రెండు ముక్కల్లో. పన్ను రెండు అర్ధ సంవత్సరాలకు వస్తుంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఎర్లీ బర్డ్ (ముందే కట్టినవాళ్లకు ఇచ్చే రాయితీ) ప్రకటించినప్పుడు ఏప్రిల్ 30లోపు ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గుతుంది. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. 2020లో, 2022లో పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. అట్లాంటిది మళ్లీ వస్తుందని కూర్చోవద్దు, నెలనెలా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కొలత మీద అర్జీ పెట్టినవాళ్లు కూడా, ఒప్పుకున్న మేరకు పన్ను కట్టి రసీదు ఉంచుకుంటే మంచిది.

వచ్చే పాఠానికి పని: ఇల్లు కొలిచి, కాగితం మీద గీతలతో బొమ్మ గీసి, ప్రతి గోడ పక్కన అడుగులు రాసి ఉంచండి. పక్కనే నోటీసులోని నాలుగు గడులు ఎత్తి రాయండి. తేడా ఉన్న గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. ఆ బొమ్మ మీదే అర్జీ ఎట్లా రాయాలో నాలుగో పాఠంలో వాక్యం వాక్యం రాద్దాం. ఇల్లు తాతల పేరు మీదే ఉండిపోయినవాళ్లు వారసుల ధ్రువపత్రం, పాత రసీదులు కూడా వెతికి పెట్టుకోండి, పేరు మార్పు కూడా అప్పుడే చూద్దాం.