సింగపూర్‌లో ఓడెక్కే ముందు, దిగిన తర్వాత: తక్కువలో హోటల్ చూసుకునే పద్ధతి

సింగపూర్ క్రూయిజ్ బుక్ చేసుకునేవాళ్లు కేబిన్‌కి బాల్కనీ ఉండాలా, కిటికీ చాలా అని వారాల తరబడి తర్జనభర్జన పడతారు. ముందురోజు రాత్రి ఊళ్లో ఎక్కడ పడుకోవాలన్నది మాత్రం బయల్దేరే ముందు గుర్తొస్తుంది. అప్పటికి చవక రూములు అయిపోయి, మిగిలినవాటి ధరలు ఆకాశంలో ఉంటాయి. మా ఇంట్లో టూరు లెక్కలన్నీ నా నెత్తినే పడతాయి. మా ఆయన పాస్‌పోర్టుల సంచీ పట్టుకోవడం వరకే. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, ఇద్దరు పిల్లలు, మనిషికో సూట్‌కేసు... ఈ పటాలంతో తిరిగేవాళ్లకి పనికొచ్చే సంగతులే రాస్తున్నాను. ఒంటరిగా వీపున సంచీ వేసుకుని తిరిగే కుర్రాళ్లకి హాస్టల్ మంచం చాలు, వాళ్లకి నా సలహా అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు టికెట్ తీసి, ఓడ ఏ టెర్మినల్ నుంచి బయల్దేరుతుందో చూడండి. సింగపూర్‌లో రెండున్నాయి. పెద్ద ఓడలు ఎక్కువగా మరీనా బే క్రూయిజ్ సెంటర్‌కి వస్తాయి. రెండోది హార్బర్‌ఫ్రంట్ దగ్గర, వివోసిటీ మాల్‌ని ఆనుకుని ఉన్న సింగపూర్ క్రూయిజ్ సెంటర్. పేర్లు ఒకేలా ఉంటాయి కాబట్టి ట్యాక్సీ ఎక్కి "క్రూయిజ్ సెంటర్" అంటే సరిపోదు, టెర్మినల్ పేరు పూర్తిగా చెప్పాలి.

ఇక చాలామంది చేసే పని, మ్యాప్ తెరిచి టెర్మినల్ పక్కన హోటళ్లు వెతకడం. మరీనా బే క్రూయిజ్ సెంటర్ చుట్టుపక్కల మనలాంటివాళ్లకు అందే హోటల్ ఒక్కటీ కనబడదు. "మరీనా" అని పేరు తగిలించుకున్నవన్నీ లక్షణంగా ఖరీదైనవి, పైగా అక్కణ్నుంచి కూడా ఓడ దగ్గరికి ట్యాక్సీలోనే వెళ్లాలి. అందుకే నేను దూరం చూడను, రైలు లైను చూస్తాను. సింగపూర్‌లో ఎంఆర్‌టీ అనే మెట్రో రైలు స్టేషన్ నుంచి నడిచివెళ్లేంత దగ్గర్లో ఉన్న ఏ హోటలైనా ఓడకి దగ్గరున్నట్టే.

మా కుటుంబానికి ఎప్పుడూ లిటిల్ ఇండియానే కుదురుతుంది. తిండి గురించే కాదు, లైన్ల గురించి కూడా. అక్కడి నుంచి ఊదా రంగు లైనులో ఒక్క స్టేషన్ వెళితే ధోబీ ఘాట్. అక్కడ ఎర్ర లైనులోకి మారి, చివరి స్టేషన్ మరీనా సౌత్ పియర్‌లో దిగాలి. దానికి ముందు స్టేషన్ పేరు మరీనా బే. టెర్మినల్ పేరులోనూ మరీనా బే ఉంది కదా అని అక్కడే దిగిపోకండి. చివరిదాకా కూర్చుంటే, స్టేషన్ నుంచి టెర్మినల్‌కి ఓ పది నిమిషాల నడక. హార్బర్‌ఫ్రంట్ ఓడ అయితే ఇంకా తేలిక. అదే ఊదా లైనుకి చివరి స్టేషన్ హార్బర్‌ఫ్రంట్, కాబట్టి మధ్యలో మారే పనే లేదు. చైనాటౌన్ కూడా ఆ లైను మీదే ఉంది, అక్కడా చిన్న హోటళ్లు బోలెడు.

సామాను ఎక్కువుంటే మాత్రం ఓడెక్కే రోజు రైలు కక్కుర్తి వద్దు. ధోబీ ఘాట్‌లో లైను మారడానికి చాలా దూరం నడవాలి, ఎస్కలేటర్లు ఎక్కాలి. పెద్ద సూట్‌కేసులతో, పెద్దవాళ్లతో అది ప్రాణం తీస్తుంది. లిటిల్ ఇండియా నుంచి టెర్మినల్‌కి ట్యాక్సీ పెద్ద ఖర్చేం కాదు, నలుగురూ పంచుకుంటే మరీను. ఇక్కడ పిల్లలున్నవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. 1.35 మీటర్ల కంటే పొట్టిగా ఉన్న పిల్లలకి కారులో చైల్డ్ సీటు ఉండాలని అక్కడి చట్టం. గ్రాబ్ లాంటి యాప్‌లో వచ్చే ప్రైవేటు కార్లకి ఇది వర్తిస్తుంది, సీటు లేకపోతే డ్రైవరు ఎక్కించుకోడు. మీటరు ట్యాక్సీలకి మాత్రం మినహాయింపు ఉంది. అందుకే పిల్లలతో ఉన్నప్పుడు నేను హోటల్ కౌంటర్లో చెప్పి మామూలు ట్యాక్సీయే పిలిపిస్తాను. అర్ధరాత్రి దాటాక ఉదయం ఆరు లోపు ఎక్కితే మీటరు మీద 50 శాతం అదనం. అర్ధరాత్రి దిగే ఫ్లైటు చవకగా దొరికిందని సంబరపడే ముందు ఆ లెక్క కూడా వేసుకోండి.

ఇప్పుడు ధర సంగతి. సింగపూర్ హోటళ్ల ధరల పక్కన చాలాచోట్ల రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తాయి. ఒకటి 10 శాతం సర్వీస్ ఛార్జి, రెండోది జీఎస్టీ. 2024 జనవరి నుంచి అక్కడ జీఎస్టీ 9 శాతం. సర్వీస్ ఛార్జి కలిపిన మొత్తం మీద జీఎస్టీ వేస్తారు కాబట్టి, 100 డాలర్ల రూము 110 అయి, చివరికి 119 డాలర్ల 90 సెంట్లకు తేలుతుంది. అంటే కనబడే ధర మీద ఐదో వంతు ఎక్కువ. బుకింగ్ యాప్‌లలో ఒకటి పన్నులు కలిపి చూపిస్తుంది, ఇంకోటి కలపకుండా చూపించి ఆఖరి పేజీలో కలుపుతుంది. కాబట్టి మొదటి పేజీలో ఏది తక్కువో చూసి లాభం లేదు. కార్డు నంబరు అడిగే పేజీ దాకా వెళ్లి, అక్కడున్న అంకెలను పోల్చుకోవాలి. నేను ఓ కాగితం మీద రెండు వరుసలు గీసి, ఆ ఆఖరి అంకెలే రాస్తాను. మొదట చవకగా కనబడ్డ హోటల్ అక్కడికొచ్చేసరికి వెనకబడిపోవడం మామూలే.

అదే పేజీలో రూపాయల్లో కడతారా, సింగపూర్ డాలర్లలో కడతారా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలంటే వాళ్లు వేసే మారకం రేటు మన బ్యాంకు రేటు కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. హోటల్‌కి వెళ్లాక కొన్నిచోట్ల డిపాజిట్ కింద కార్డు మీద కొంత డబ్బు ఆపుతారు. దానికి క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే మన సొంత డబ్బు ఇరుక్కుపోయి, తిరిగి జమ కావడానికి రోజులు పడుతుంది. ఓడలో ఖర్చులకి అదే ఖాతా మీద ఆధారపడినవాళ్లకి టెన్షన్ తప్పదు.

ఏ రోజుల్లో వెళుతున్నారన్నది ధరని బాగా మారుస్తుంది. శుక్ర, శనివారాల రాత్రులు ఎక్కువ, ఆదివారం నుంచి గురువారం దాకా తక్కువ. ఓడ సోమవారం బయల్దేరి శుక్రవారం తిరిగొస్తే, ఊరు చూసే రోజులు ముందే పెట్టుకుని ఆదివారం రాత్రి ఉండటం మేలా, దిగాక వారాంతం ఉండటం మేలా అని ఓసారి లెక్క కట్టి చూడండి. తేడా నలుగురి భోజనాల ఖర్చంత రావచ్చు. మనవాళ్లకి ఇంకో చిక్కుంది. దసరా సెలవులు చూసుకుని బయల్దేరతాం. సరిగ్గా ఆ సెప్టెంబరు, అక్టోబరు రోజుల్లోనే సింగపూర్‌లో ఫార్ములా వన్ కారు పందేలు మరీనా బే చుట్టూ జరుగుతాయి. ఆ వారాంతం ఊళ్లో గదుల ధరలు తడిసి మోపెడవుతాయి. పందేల తేదీ ముందే ప్రకటిస్తారు కాబట్టి, ఓడ టికెట్ కొనక ముందే చూసుకోండి. దీపావళి ముందు లిటిల్ ఇండియా దీపాలతో కళకళలాడుతుంది గానీ రూము ధర కూడా అలాగే వెలుగుతుంది. చైనా కొత్త సంవత్సరం, డిసెంబరు చివరి వారం సంగతి చెప్పక్కర్లేదు.

రూము విషయంలో మన ఊరి అంచనాలు ఇక్కడ పనిచేయవు. తక్కువ ధర గదుల్లో చాలావాటికి కిటికీయే ఉండదు. మోసమేమీ లేదు, రూము పేరులోనే "కిటికీ లేదు" అని రాస్తారు, చదవాలంతే. నాకైతే అభ్యంతరం లేదు. రాత్రి ఫ్లైటులో వచ్చి పగలు పడుకోవాల్సినప్పుడు చీకటి గదే నయం. అత్తగారికి మాత్రం ఊపిరాడనట్టు ఉంటుందని ఆవిడ గదికి కొంచెం ఎక్కువ పెట్టి కిటికీ ఉన్నదే తీసుకుంటాను. ఇంకో సంగతి కొలతలు. పది, పన్నెండు చదరపు మీటర్ల గది అంటే మంచం పోగా మిగిలేది ఒక సూట్‌కేసు తెరిచేంత జాగా. అదీ మంచానికీ గోడకీ మధ్య. రెండో సూట్‌కేసు తెరవాలంటే మొదటిది మూసి మంచం మీదికి ఎక్కించాలి. బాత్రూములో షవరు దాదాపు కమోడ్ మీదే పడుతుంది, స్నానం చేశాక నేలంతా తడి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు జారే ప్రమాదం ఉంది కాబట్టి, అతిథులు పెట్టిన ఫోటోల్లో బాత్రూము ఫోటో వెతికి చూడకుండా నేను బుక్ చెయ్యను. హోటలువాళ్లు పెట్టిన ఫోటోలు చూసి లాభం లేదు, వాటిలో ప్రతి గదీ ఫంక్షన్ హాలంత కనిపిస్తుంది. కింద దుకాణం, పైన ఇల్లు ఉండే పాత షాప్‌హౌస్‌లను హోటళ్లుగా మార్చినవాటిలో కొన్నిటికి లిఫ్టు ఉండదు, అదీ కనుక్కోవాలి.

మన దగ్గర డబుల్ రూములో నలుగురం సర్దుకుని, ఓ పరుపు అదనంగా వేయించుకుంటాం. ఇక్కడ ఆ పప్పులుడకవు. వెతికేటప్పుడే ఎంతమందో, పిల్లల వయసు ఎంతో ఉన్నదున్నట్టు నింపండి. ఇద్దరికని బుక్ చేసి నలుగురు వెళితే కౌంటర్ దగ్గరే ఆపేసి రెండో గది తీసుకోమంటారు, ఆ రోజు ధరకి.

అపార్ట్‌మెంట్లు అద్దెకు తీసుకుని వండుకుందామనే ఆలోచన మన ఆడవాళ్లకి వస్తుంది, నాకూ వచ్చింది. సింగపూర్‌లో అది చట్టవిరుద్ధం. ప్రైవేటు ఇళ్లను మూడు నెలల కంటే తక్కువకి, ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లను ఆరు నెలల కంటే తక్కువకి అద్దెకివ్వకూడదు. ఎవరైనా ఒక రాత్రికి ఫ్లాటు ఇస్తామంటే వద్దనండి. లైసెన్సున్న హోటలో, హాస్టలో, సర్వీస్ అపార్ట్‌మెంటో మాత్రమే చూసుకోండి. ఓడెక్కే రోజు పొద్దున్నే ఇంటి గొడవలో ఇరుక్కోవడం ఎవరికి కావాలి?

ధరల పట్టికలో అన్నిటికంటే పైన వచ్చే చవక హోటళ్లు చాలావరకు గేలాంగ్ అనే పేటలో ఉంటాయి. హోటల్ 81 లాంటి బడ్జెట్ చెయిన్లకు ఊరంతా బ్రాంచీలున్నాయి. పేరు ఒకటే అయినా గేలాంగ్‌లో ఒక ధర, ఇంకోచోట ఇంకో ధర. కారణం తెలుసుకోండి. గేలాంగ్‌లో సందులను లోరోంగ్ అంటారు, వాటికి నంబర్లుంటాయి. సరి సంఖ్య లోరోంగుల్లో లైసెన్సున్న వేశ్యాగృహాలున్నాయి. భద్రతకి లోటేం లేదు, తిండి అద్భుతం, స్నేహితులతో వెళితే ఉండొచ్చు. అత్తగారితో, పిల్లలతో మాత్రం నేను ఉండను. ఆ డబ్బుకి కొంచెం కలిపి లావెండర్ స్టేషన్ చుట్టుపక్కల గానీ, జలాన్ బెసార్ వైపు గానీ చూసుకోవచ్చు.

సరిహద్దు దాటి మలేషియాలోని జొహోర్ బహ్రులో సగం ధరకే మంచి హోటల్ వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే. కానీ సరిహద్దు వంతెన మీద ఇమిగ్రేషన్ వరుసలు ఎప్పుడు ఎంత పొడుగుంటాయో ఎవరి చేతుల్లోనూ లేదు. ఓడెక్కే ముందురోజు ఆ సాహసం వద్దే వద్దు.

హైదరాబాదు నుంచి రాత్రి బయల్దేరే ఫ్లైట్లు తెల్లవారి దిగుతాయి, మన గడియారానికి రెండున్నర గంటలు కలుపుకోవాలి. ఓడ బయల్దేరే రోజు పొద్దున్న కాకుండా, దాని ముందురోజు పొద్దున్న దిగేలా టికెట్ కొనండి. ఒక్క రాత్రి రూముతో దాదాపు రెండు పగళ్లు దొరుకుతాయి. చాంగీ ఎయిర్‌పోర్టు నుంచి ఒక స్టేషన్ వెళితే ఎక్స్‌పో. అక్కడ నీలం లైనులోకి మారితే లిటిల్ ఇండియాకి నేరుగా వెళుతుంది గానీ ఊరంతా చుట్టి వెళుతుంది. మీ హోటల్ ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపింగ్ మాల్ వైపు ఉంటే లిటిల్ ఇండియా దాకా పోకండి, అదే లైనులో చాలా ముందే వచ్చే జలాన్ బెసార్‌లో దిగితే సరి. రూము ఇచ్చేది మధ్యాహ్నం రెండుకో మూడుకో. దానికోసం ముందు రాత్రికి కూడా డబ్బు కట్టక్కర్లేదు. సామాను కౌంటర్లో పెట్టించుకుంటారు. మొహం కడుక్కుని సెరంగూన్ రోడ్డు మీద కోమల విలాస్‌లో టిఫిన్ చేసి, అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లొస్తే పూట గడిచిపోతుంది. గుడి మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్లాలి. పెద్దవాళ్లు అంతసేపు కూర్చోలేరనుకుంటే, వారం ముందే హోటల్‌కి ఈమెయిల్ పెట్టి రూము త్వరగా ఇస్తారా, ఎంత తీసుకుంటారు అని అడగండి. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియా నిండా పనివాళ్లు చేరి కాలు పెట్టే సందుండదు. గొడవేం ఉండదు గానీ ట్యాక్సీ దొరకడం కష్టం.

దిగిన తర్వాత రాత్రికి నేను హోటలే తీసుకోను. ఓడ పొద్దున్నే వచ్చేస్తుంది, తొమ్మిది పది కల్లా బయట ఉంటాం. హైదరాబాదు ఫ్లైటు సాయంత్రమో రాత్రో ఉండేలా చూసుకుంటే రూము ఖర్చు మొత్తం మిగిలినట్టే. నేరుగా చాంగీకి వెళ్లి సామాను అక్కడి లగేజీ కౌంటర్లో పెట్టి, పక్కనే ఉన్న జువెల్ మాల్‌లో జలపాతం చూడటమో, ఊళ్లోకి తిరిగొచ్చి ముస్తఫాలో కొనుక్కోవడమో చెయ్యొచ్చు. కొనుగోళ్లు ఓడెక్కే ముందు పెట్టుకోకండి, ఆ పెట్టెలన్నీ కేబిన్‌లో మంచం కింద తోసుకుని తిరగాలి. స్నానం, కునుకు తప్పనిసరి అనుకునేవాళ్లకి ఎయిర్‌పోర్టులోనే గంటల లెక్కన ఇచ్చే గదులున్నాయి. రోజంతటి రూముకంటే అవే గిట్టుబాటు. వాటిలో కొన్ని ఇమిగ్రేషన్ దాటాక లోపల, కొన్ని బయట ఉంటాయి. బుక్ చేసేటప్పుడు మీరు ఏ వైపు ఉంటారో చూసుకోండి.

ఓడ తిరిగొచ్చినప్పుడు మీరు సింగపూర్‌లోకి రెండోసారి అడుగుపెడుతున్నట్టే. వీసా మల్టిపుల్ ఎంట్రీయా కాదా అన్నది టికెట్లు కొనేటప్పుడే చూసుకోవాలి. సింగపూర్‌లో అడుగుపెట్టేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే ఎస్‌జీ అరైవల్ కార్డు కూడా మళ్లీ నింపాలి. వచ్చే తేదీకి మూడు రోజుల్లోపే నింపనిస్తారు కాబట్టి ముందుగానే పూర్తిచేసి పెట్టుకోవడం కుదరదు. ఓడలో వైఫైకి డబ్బు కట్టకుండా, మధ్యలో మలేషియాలోని పెనాంగ్ లాంటి చోట ఆగినప్పుడు ఫోన్‌కి సిగ్నల్ రాగానే ఇంటిల్లిపాదికీ నింపేయండి. దానికి ఫీజు లేదు, డబ్బులడిగే వెబ్‌సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదు.