కార్డ్‌లెస్ హామర్ డ్రిల్ గోడలోకి దిగట్లేదా? ముందు రాలిన పొడి చూడండి

కిందటి వేసవిలో రాజోలు దగ్గర ఒకింటికి ఏసీ బిగించడానికి వెళ్లాను. ఆ ఇంటి పెద్దాయన కొత్త డ్రిల్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. "బాబూ, మావాడు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. 48 వోల్టులంట. టీవీ స్టాండుకి కన్నాలు వేద్దామంటే అరంగుళం దిగి ఆగిపోతోంది. ఇది పంపేసి ఇంకా పవరున్నది తెప్పించమంటావా?" అని అడిగారు.

"ఉండండి బాబాయ్, ముందు గోడ చూద్దాం" అన్నాను. కన్నం కింద రాలిన పొడి బూడిద రంగులో, ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తగా ఉంది. ఆయన వేస్తున్నది గోడకి కాదు, గోడతో కలిపి ప్లాస్టరింగ్ చేసేసిన పిల్లరుకి. కొత్త బిట్టు పెట్టి ఒక అడుగు పక్కన అదే మిషన్‌తో వేస్తే, ఎర్ర పొడి రాలుతూ చకచకా దిగిపోయింది. టీవీని ఆ అడుగు పక్కకి జరిపి బిగించాం.

పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి రాజోలు దాకా ఫిట్టింగ్ పనులకి తిరుగుతుంటాను. డ్రిల్‌కి పవర్ చాలట్లేదని నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది సమస్య వోల్టులతో తీరేది కాదు. కొత్తది కొనేముందు ఇవి చూసుకోండి.

బిట్టు తిరుగుతోంది, కన్నం దిగట్లేదు

మొదట రివర్స్ బటన్ చూడండి. వెనక్కి తిరుగుతుంటే బిట్టు గోడని రాస్తుందే తప్ప కొయ్యదు. తర్వాత మోడ్ రింగు సుత్తి బొమ్మ మీద ఉందో లేదో చూడండి. స్క్రూ బొమ్మ మీద ఉంటే కొంచెం బరువు పడగానే క్లచ్ టకటకమని జారిపోతుంది.

రెండూ సరిగ్గా ఉంటే బిట్టు బయటికి తీసి కొసని వెలుతురులో పెట్టండి. అక్కడ అడ్డంగా చిన్న కార్బైడ్ పలక ఉంటుంది. దాని రెండు మూలలూ గోరుకి గరుగ్గా తగలాలి. గుండ్రంగా అరిగి మెరుస్తున్నా, కొస వేడికి నీలంగా మారినా ఆ బిట్టు పని అయిపోయినట్టే. ఎంత ఖరీదైన మిషన్‌కి పెట్టినా అది దిగదు. బిట్టు మార్చేటప్పుడు చేత్తో ముట్టుకోకండి, కాలుతుంది.

బిట్టు కూడా బాగుంటే పొడి రంగే దారి చూపిస్తుంది. ఎర్రగా ఉంటే మట్టి ఇటుక, దానికి మామూలు హామర్ డ్రిల్ చాలు. బూడిద రంగులో ఉండి తేలిగ్గా దిగితే ఫ్లైయాష్ ఇటుక. బూడిద రంగులో ఉండి మొండికేస్తే పిల్లరో, బీమో, తలుపు మీది లింటెలో. బాగా దిగుతున్నది ఉన్నట్టుండి ఆగిపోయి, కీచుమన్న శబ్దంతో పొడిలో మెరిసే ఇనుప రజను కనిపిస్తే చువ్వ తగిలింది. పిల్లరులో చువ్వ మీద మామూలుగా 40 మి.మీ. కవరింగ్ ఉంటుంది, శ్లాబులో 20 మి.మీ. మాత్రమే. అంటే శ్లాబులో అంగుళం లోపే చువ్వ తగలొచ్చు. అక్కడ బలం పెట్టకండి. చువ్వని కోస్తే ఇంటికి నష్టం, బిట్టు కొస కూడా పోతుంది. రెండంగుళాలు పక్కకి జరగండి.

కాంక్రీటు అని తేలింది. మరి ఏ మిషన్ కొనాలి?

హామర్ డ్రిల్‌లో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ బిట్టుని అదిలిస్తాయి. నిమిషానికి 30 వేల దెబ్బలని డబ్బా మీద రాసి ఉండొచ్చు, కానీ ఒక్కో దెబ్బ చాలా చిన్నది, అదీ మనం వెనకనుంచి నొక్కితేనే పడుతుంది. కాంక్రీటుకి వాడే ఇంకో రకం మిషన్, రోటరీ హామర్‌లో దెబ్బలు నాలుగైదు వేలే. అయితే లోపల పిస్టన్ గాలిని నొక్కి, ఆ ఒత్తిడితో బిట్టుని కొడుతుంది. మన భుజం బలంతో దానికి పని లేదు, ఊరికే పట్టుకుంటే చాలు.

అందుకే రోటరీ హామర్ కొనేటప్పుడు దెబ్బల లెక్క వదిలేసి జౌల్స్, అంటే ఒక్కో దెబ్బ బలం ఎంతో అడగండి. 6, 8, 10 మి.మీ. కన్నాలకి 18 వోల్టుల్లో 2 జౌల్స్ మిషన్ హాయిగా సరిపోతుంది. దానికి ఎస్‌డీఎస్ ప్లస్ బిట్టులు కావాలి. అవి గాడులున్న 10 మి.మీ. కాడతో వస్తాయి, మామూలు డ్రిల్‌లో బిట్టుని బిగించే చక్‌లో పట్టవు.

నెలకి నాలుగైదు కన్నాలు ఇటుక గోడకి, మిగతాది స్క్రూల పని అయితే హామర్ డ్రిల్ తీసుకోండి. ఏసీ స్టాండ్లు, శ్లాబు హుక్కులు, యాంకర్ బోల్టులు మీ పని అయితే రోటరీ హామర్ తీసుకోండి. పాత పెంకుటింట్లో తాటి దూలానికి కన్నం వేయాలంటే మాత్రం సుత్తి మోడ్ తీసేయాలి. అక్కడ కావాల్సింది టార్క్ (తిప్పే బలం), ఒకటో గేరు, పదునైన చెక్క బిట్టు.

48 వోల్టులు, 88 వోల్టులు అని రాసుంది, అయినా బలం లేదు

బాబాయ్ గారి బ్యాటరీని మీటరుతో చూస్తే 20 వోల్టులు చూపించింది. స్టిక్కరు మీద అంకె మోడల్ పేరులాంటిది. లిథియం సెల్లు ఒక్కోటి 3.6 వోల్టులు, వరసగా ఐదు కలిపితే 18. నిండా ఛార్జింగ్ ఉన్నప్పుడు ఒక్కో సెల్లు 4 దాటుతుంది కాబట్టి అదే బ్యాటరీని కొన్ని కంపెనీలు 20 వోల్ట్ మ్యాక్స్ అంటాయి. డివాల్ట్ 20 మ్యాక్స్‌కీ, మకితా లేదా బోష్ 18కీ వోల్టులో తేడా ఏమీ లేదు.

అడగాల్సింది ఆంపియర్ అవర్స్, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు నిలవ ఉంటుందో. మామూలుగా 2 అయితే ఐదు సెల్లులు, 4 అయితే పది. పది ఉన్నప్పుడు పని భారాన్ని రెండు వరసలు పంచుకుంటాయి కాబట్టి గట్టిగా నొక్కినా మిషన్ నీరసపడదు. కాంక్రీటు పనికి 4 కంటే తక్కువ నేను తీసుకోను.

బాగా దిగి దిగి నెమ్మదిస్తోంది

కన్నంలో పొడి బిగుసుకుపోయింది. అంగుళానికోసారి, బిట్టు తిరుగుతుండగానే బయటికి లాగి మళ్లీ పెట్టండి. శ్లాబుకైతే పొడి నేరుగా కళ్లలోకీ, చక్‌లోకీ పడుతుంది. కొబ్బరి చిప్పకి మధ్యలో కన్నం చేసి బిట్టుకి గుచ్చుతాను. రాలే పొడంతా చిప్పలో పడుతుంది. కళ్లద్దాలు మాత్రం తప్పకుండా పెట్టుకోండి.

మణికట్టు మెలిపడుతోంది

బిట్టు లోపల ఇరుక్కుంటే మిషన్ తిరుగుతుంది. పక్క పిడి బిగించి రెండు చేతులా పట్టుకోండి. నిచ్చెన మీద పక్క పిడి లేకుండా అస్సలు వద్దు. కొనేటప్పుడు డబ్బాలో అది ఉందో లేదో చూడండి.

కన్నం పడింది, ప్లగ్ నిలవట్లేదు

మన డెల్టాలో భూమిలో నీళ్లు పైనే ఉంటాయి, గోడ కింది భాగం నెమ్మెక్కి ప్లాస్టరింగ్ ఉప్పు పట్టి పొడిపొడిగా రాలుతుంది. అలాంటి చోట ప్లాస్టరింగ్ మందం పోను ఇటుకలోకి ప్లగ్ పూర్తిగా దిగాలి, కాబట్టి పొడుగు ప్లగ్ వాడండి. మొదటి అరంగుళం సుత్తి మోడ్ లేకుండా వేస్తే మూతి పెద్దదవ్వదు. స్విచ్చు బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా వైరు పైపు ఉంటుంది, అక్కడ వేయకండి.

ఛార్జర్ లైటు మినుకుతోంది, బ్యాటరీ ఎక్కట్లేదు

మే నెలలో బైకు డిక్కీలోంచి తీసిన బ్యాటరీని వెంటనే పెడితే ఛార్జర్ తీసుకోదు. నీడలో అరగంట ఉంచండి. అయినా ఎక్కకపోతే కాంటాక్టులు చూడండి. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వైపు పనికి వెళ్లిన వారం తర్వాత ఒకసారి నా బ్యాటరీ రేకుల మీద ఆకుపచ్చ పొర కనిపించింది. సముద్రపు గాలికి అలా అవుతుంది. పొడి బ్రష్‌తో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ పట్టించి, ఆరాక పెడితే మామూలుగా ఎక్కింది. నెలల తరబడి ఖాళీగా వదిలేసి చచ్చిపోయిన బ్యాటరీకి మాత్రం వేరే బ్యాటరీ నుంచి వైర్లు కలిపి ప్రాణం పోయాలని చూడకండి, నిప్పంటుకోవచ్చు. వాడకం లేని రోజుల్లో సగం ఛార్జింగ్‌తో మిషన్ నుంచి విడదీసి, ఇంట్లో పొడిగా ఉన్న చోట పెట్టండి.